రెండుసార్లు తోమిన సీసా

నాకు అక్షరాలు వచ్చింది యాభై రెండో ఏట. అంతకు ముందు రాయలేదంటే ఎవరూ తప్పు పట్టరు. కానీ ఆ తర్వాత కూడా నాలుగేళ్లు ఈ సంగతి రాయకుండా ఉండిపోయాను. దొర్నిపాడులో ఉన్న చెల్లెలికి ఉత్తరాలు రాశాను. వీధిలో ముసలివాళ్లకు పింఛను అర్జీలు రాసిపెట్టాను. ఇది మాత్రం రాయలేదు. నోటితో అన్న మాటను రేపు కాదని బుకాయించవచ్చు, రాసినదాన్ని కాదనలేం. నా చేతిరాతే నా మీద సాక్ష్యమవుతుందని భయం.

ఆమెను మా ఊళ్లో అందరూ సీసాలమ్మ అనేవాళ్లు. అసలు పేరు నేను రాయను. ఆ పేరు ఇప్పటికే ఒక కాగితం మీద తప్పుగా ఎక్కి ఉంది.

మా ఊరు శిరివెళ్ల దాటి ఆళ్లగడ్డకు పోయే దారిలో, రోడ్డుకు కొంచెం లోపలికి ఉంటుంది. ఆమె నంద్యాలలో నీళ్లు పరీక్ష చేసే ల్యాబులో ముప్పై ఏళ్లు అటెండరుగా చేసింది. సీసాలు కడగడం ఆమె ఉద్యోగం. భర్త పోయాక, ఉద్యోగం అయిపోయాక, మా ఊరి పేటలో ఉన్న చెల్లెలి ఇంటికి వచ్చి చేరింది. వాళ్లు చర్చికి పోయేవాళ్లు. మాది వాగు ఒడ్డున గట్టువీధి, పదకొండు ఇళ్లు.

ఆమె వస్తుంటే మనిషి కంటే ముందు సంచిలో ఖాళీ సీసాల చప్పుడు వచ్చేది. ఎవరింట్లో మంచినీళ్లిచ్చినా గ్లాసును వెలుతురుకెత్తి, ఒకసారి తిప్పి చూసి, వాసన చూసి, అప్పుడు తాగేది. మా అత్తకు అది మహా కోపం. ఈయమ్మకు మన నీళ్లు పనికిరావంట, అని వెనక నుంచి గొణిగేది. మా అత్త ఆమెకిచ్చే గ్లాసు వేరు. అది ఎప్పుడూ వసారా గోడ మీద బోర్లించి ఉండేది. సీసాలమ్మ ఎవరూ చెప్పకుండానే ఆ గ్లాసు తీసుకునేది, తాగేది, తనే కడిగి మళ్లీ అక్కడే బోర్లించేది. నేను చూస్తూ ఊరుకునేదాన్ని.

చేతిలో ఒక వెదురుకర్ర ఉండేది. దాని మీద జానెడుకొక ఎర్రగీత తనే గీసుకుంది. వాగు వెంట నడుస్తూ గట్టు కింద, నీళ్లు తగిలేచోట, ఆ కర్రతో పొడిచి చూసేది.

“గట్టు తలకాయ చూసి మోసపోవద్దు మే,” అనేది నాతో. “పైన గడ్డి పచ్చగానే ఉంటాది. పాదం చూడు. నీళ్లు పాదాన్ని తింటాయి. తల పడిపోయేది కడాకు.”

దాన్ని ఆఫీసు కాగితాల్లో పాదం కోత అంటారని చెప్పింది. రాళ్లు పేర్చి గట్టును కాపాడితే రివిట్‌మెంటు. పైపు నుంచి నీళ్లు వచ్చి వాగులో పడేచోటు విడుదల స్థానం. అట్లా ప్రతిదానికీ ఒక పేరు చెప్పేది. పేరు తెలియకపోతే ఆఫీసులో మన మాట ఎవరూ వినరని ఆమె గట్టి నమ్మకం. గట్టు పడిపోతోంది సారూ అని వందసార్లు మొత్తుకున్నా తలెత్తని గుమాస్తా, పాదం కోత అని ఒక్కసారి రాస్తే కళ్లద్దాలు సర్దుకుంటాడు అనేది.

ఆ పేర్లలో కొన్నింటిని ఆమె వెక్కిరించేది కూడా. మురికినీళ్లు వచ్చి కలిసే వాగును కాగితాల్లో గ్రాహక జలం అంటారట. అంటే పుచ్చుకునే నీళ్లు. “పుచ్చుకునేదంట. ఇస్తాం పుచ్చుకుంటావా అని దాన్ని ఎవరన్నా అడిగినారా?” అని నవ్వేది. అనుమతించదగిన పరిమితి అనే మాట దగ్గర మాత్రం నవ్వేది కాదు. మనం ఎంతవరకు ఓర్చుకోవాలో మనల్ని అడగకుండా గీసిన గీత అది, అనేది.

మాకు అక్షరాలు నేర్పింది చర్చి వసారాలో, మధ్యాహ్నం అన్నాలయ్యాక. నలుగురం ఆడవాళ్లం పోయేవాళ్లం. పలకలు లేవు. సీసాలకు అంటించే చీటీలు ఆమె దగ్గర కట్టలు కట్టలుగా ఉండేవి. వాటి మీదే రాయించేది. నేను మొదట రాసిన మాట ‘ఎగువ’. తర్వాత ‘దిగువ’. తర్వాత ‘నమూనా’. నా పేరు రాయడం వచ్చింది వాటి తర్వాతే.

మా పక్కింటి వదిన ఊరుకునే రకం కాదు. “మా ఆయన పేరు రాసేది నేర్పక్కా అంటే, మురికినీళ్ల పేర్లు నేర్పుతాండావే,” అంది ఒకరోజు.

“మొగుని పేరు నోటితో పలికితేనే ఆయుస్సు తగ్గుతాదంటారు కదమ్మా మీరు. రాస్తే ఇంకెంత తగ్గుతాదో. మురికినీళ్లకైతే తగ్గినా పర్వాలేదు,” అంది సీసాలమ్మ. వదిన చీటీ మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

నేను పుట్టు భయస్తురాలిని. కాగితమంటే భయం, ఆఫీసంటే భయం, మా అత్తంటే భయం. ఆ ఏడు వీటన్నిటికంటే పెద్ద భయం వచ్చిపడింది. అంతకు ముందే వాగు ఎగువన ఒక మిల్లు వెలిసింది. దాని సిమెంటు పైపు మా ఇళ్లకు ఎదురుగా, అవతలి ఒడ్డున వాగులోకి తెరుచుకుంది. కొన్ని రోజులు తెల్లవారేసరికి నీళ్లు నల్లగా, నురగతో, కుళ్లిన బెల్లం వాసనతో వచ్చేవి. ఎనుములు నీళ్లదాకా పోయి మూతి పెట్టకుండా వెనక్కి తిరిగేవి. పైపు నుంచి దూకే ధార నేరుగా మా గట్టుకు తగిలేది. మా పెరట్లో నేల మీద ఒక బీట పడింది. నేను దానికి అడ్డంగా చీపురుపుల్ల పెట్టి, రోజూ పొద్దున్నే పోయి చూసేదాన్ని. పుల్ల బీటలోకి జారిపోతే ఇంకొంచెం పొడుగుపుల్ల పెట్టేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. చెబితే నిజమైపోతుందనిపించేది.

వీధంతా కలిసి అర్జీ పెట్టాం. జవాబు వచ్చింది. సీసాలమ్మ మా వసారాలో కూర్చుని చదివి, కాగితాన్ని ఒడిలో పెట్టుకుంది. అందులో ‘సహజ ఒడ్డు కోత’ అని ఉంది.

“సహజం అంటే ఏందక్కా?” అన్నాను.

“ఎవరి తప్పూ లేదని. ఎవరి తప్పూ లేకపోతే గట్టుకు రాయి ఎవరూ ఎయ్యరు.”

ఆమే దారి చెప్పింది. మిల్లు వదిలే నీళ్లు పరిమితి దాటాయని పరీక్షలో తేలితే అధికారులు వచ్చి ఆ పైపును చూడాలి. పైపును చూసినవాళ్లు దాని ఎదురుగా ఉన్న మా గట్టును చూడక తప్పదు. రివిట్‌మెంటు అడగడానికి మాకున్న దారి అదొక్కటే. కానీ నల్లనీళ్లు ఎప్పుడొస్తాయో తెలియదు, వచ్చినప్పుడే పట్టాలి. ఆమె నంద్యాలకు పోయి, పాత పరిచయంతో బతిమాలి, ల్యాబువాళ్లు సిద్ధం చేసిన సీసా ఒకటి తెచ్చింది. వాగుకు అందరికంటే దగ్గర ఇల్లు నాది. చీటీ రాయడం కూడా వచ్చు. అందుకని సీసా నా చేతిలో పెట్టింది.

“నింపేదాకా మూత తియ్యొద్దు. లోపలిది చేతికి తగలనియ్యొద్దు. నీళ్లలో దిగి ఎగువకు మొగం పెట్టి నిలబడు. నీ కాలికింద బురద నీ సీసాలో పడగూడదు.”

మూత ఎందుకు తియ్యకూడదో, లోపల ఏముందో నేను అడగలేదు. అర్థమైనట్టు తలూపాను. చదువు లేకుండా బతికినన్నాళ్లూ నేను చేసింది అదే, ఎవరేం చెప్పినా తలూపడం.

ఇప్పుడు మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. బయటినుంచి వచ్చిన గిన్నె గానీ చెంబు గానీ తోమకుండా లోపలికి రాకూడదు. మావాళ్ల ఇంటినుంచి వస్తే బూడిదతో ఒకసారి. పేట నుంచి వస్తే రెండుసార్లు. కాపురానికి వచ్చిన వారంలోనే మా అత్త నాకు ఇది నేర్పింది. ఎందుకని అప్పుడూ అడగలేదు.

సీసాను వంటింటి గూట్లో పెట్టబోతుంటే అత్త చూసింది. “ఎవురిదది?” అంది. సీసాలమ్మదని చెప్పాను. “తోమకుండానే లోపలికి తెచ్చినావా?” అంది.

అంట్లు తోమే జాలాడికి తీసుకుపోయి మూత తీశాను. అడుగున నీళ్లలాంటివి కొన్ని చుక్కలు ఉన్నాయి. ఎవరో కడిగి సరిగా వంచలేదనుకుని ఒంపేశాను. బూడిద వేసి వేళ్లు లోపలికి పెట్టి తోముతుంటే వేలికొనలు చురుక్కుమన్నాయి. భయమేసింది. సీసాలమ్మ చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. ఆపి ఆమె దగ్గరికి పరుగెత్తి ఉండాల్సింది. ఆపలేదు. కడిగి, మళ్లీ బూడిద వేసి, రెండోసారి తోమాను.

నాలుగో రోజు తెల్లవారుతూనే నల్లనీళ్లు వచ్చాయి. ఆమె చెప్పినట్టే దిగి, చెప్పినట్టే నిలబడి నింపాను. చీటీ మీద ఊరు, తేదీ, వేళ, నా పేరు రాశాను. ఆమె చదివి, ఒక్క తప్పు కూడా లేదమ్మా అంది. ఐసుగడ్డల డబ్బాలో పెట్టుకుని నంద్యాల బస్సెక్కింది. వరసగా సెలవులొచ్చి ల్యాబు రెండురోజులు మూసి ఉంది. పర్వాలేదు, లోపల మందు ఉంది, చెడిపోదు అనుకుందట ఆమె.

పది రోజులకు నమూనా తిరస్కరించారని కాగితం వచ్చింది. సీసాలో ఉండాల్సిన ఆమ్లం లేదు, ఉండకూడని క్షారం ఉంది. మిల్లును ఇరికించడానికి ఫిర్యాదుదారే ఏదో కలిపినట్టు అనుమానం అని, సీసా ఇచ్చి సంతకం పెట్టిన ఆమె పేరు పెట్టి రాశారు. ముప్పై ఏళ్లు సీసాలు కడిగిన మనిషికి తెలియక జరిగిందంటే ఎవరు నమ్ముతారు?

ఆమె బస్సు దిగి ఇంటికి పోకుండా నేరుగా మా ఇంటికి వచ్చింది. వసారా కింద నిలబడింది.

“సీసా కడిగినావా మే?”

లోపల అత్త ఉంది. పక్కింట్లో వదిన ఉంది. కడిగానంటే ఎందుకు కడిగావంటుంది సీసాలమ్మ. దానికి నా దగ్గరున్న జవాబు ఆమె మొహం మీద చెప్పగలిగేది కాదు.

“లేదక్కా,” అన్నాను.

ఆమె నా మొహం చూడలేదు. నా వేళ్లు చూసింది. కొనల దగ్గర తోలు తెల్లబడి పొరలు లేచి ఉంది. నేను చేతులు కొంగులోకి తీసుకున్నాను. “సరేమ్మా,” అని వెళ్లిపోయింది. గోడ మీద గ్లాసు అట్లాగే బోర్లించి ఉంది. ఆ రోజునుంచి ఆమె మా ఇంట్లో నీళ్లు తాగలేదు.

ఆ తర్వాత నంద్యాలలో ఆమె తెచ్చిన సీసా ఎవరూ తీసుకోలేదు. ఊళ్లో సీసాలమ్మ అని ముద్దుగా పిలిచిన నోళ్లే సీసా మార్చినమ్మ అన్నాయి. ఆమె ఎవరికీ సంజాయిషీ చెప్పలేదు. చర్చి వసారాలో చదువు మాత్రం ఆపలేదు. నన్ను అందరితో సమానంగా కూర్చోబెట్టి నేర్పింది. ఆమె కోప్పడి ఉంటే నాకు కొంచెం భయం తగ్గేదేమో. పాఠం మధ్యలో ఆమె నావైపు తిరిగినప్పుడల్లా, ఇప్పుడు అడుగుతుంది, ఇప్పుడు అడుగుతుంది అని చీటీ మీదికి తల వంచేదాన్ని. అడగలేదు.

రెండేళ్ల తర్వాత వానాకాలంలో, ఒక మధ్యాహ్నం, వదినవాళ్ల ఎనుముల కొట్టం గట్టుతో సహా వాగులోకి పోయింది. నేను బియ్యం ఏరుతున్నాను. ముందు చిన్న చిన్న మట్టిపెళ్లలు నీళ్లలో పడిన చప్పుడు, ఆ తర్వాత నేల ఊపిరి వదిలినట్టు ఒక శబ్దం. పోయి చూస్తే కొట్టం ఉన్నచోట ఆకాశం ఉంది. చూలు ఎనుము ఒకటి కట్టుగొయ్యతో సహా కింద బురదలో ఉంది. వదిన గట్టు అంచున కూర్చుని దాన్ని పేరు పెట్టి పిలుస్తోంది. నేను ఆమెను వెనక్కి లాగి పట్టుకున్నాను. నన్ను కరుచుకుని ఏడ్చింది. ఎవరిని పట్టుకుని ఏడుస్తోందో ఆమెకు తెలియదు.

ఆ మరుసటి ఏడు మా అత్త పోయింది. అదే ఏడు సీసాలమ్మ మంచాన పడింది. నంద్యాల ఆసుపత్రికి నేను ఒక్కసారే పోయాను. ఆమె చెల్లెలు మందులకని కిందికి పోయింది. ఇద్దరమే ఉన్నాం. మనిషి సగమైంది గానీ చూపు మారలేదు. గట్టు ఎట్లుంది అని అడిగింది. బీట మంచం పట్టేంత వెడల్పయిందని చెప్పాను. కిటికీవైపు చూస్తూ అంది.

“సీసాలు కడిగేది నా పనిమ్మా. కడిగిన సీసా నాకు తెలీదా? ఎందుకు కడిగినావో నువ్వే చెప్తావేమో అని చూసినా.”

మంచం పక్కన ప్లాస్టిక్ బాటిల్లో నీళ్లుంటే గ్లాసులో పోసి ఇచ్చాను. ఆమె అలవాటుగా వెలుతురుకెత్తి చూసింది. రెండు గుక్కలు తాగి కళ్లు మూసుకుంది. చెల్లెలు తిరిగి వచ్చింది. నేను లేచి బస్టాండుకు వచ్చేశాను. బస్సులో శిరివెళ్ల దాకా, రేపు మళ్లీ వచ్చి చెబుతానని అనుకుంటూనే ఉన్నాను. పోలేదు. పోయిన నెల ఆమె చనిపోయింది. ఆళ్లగడ్డలో భర్త సమాధి పక్కన పెట్టారు. మా వీధి నుంచి పోయింది నేనూ వదినా ఇద్దరమే.

ఆ తర్వాత వారానికి నంద్యాల నుంచి కొత్తగా వచ్చిన అధికారి ఒకామె మా గట్టు దగ్గరికి జీపులో వచ్చింది. చిన్న వయసు, మర్యాదగా మాట్లాడే మనిషి. ఇళ్లవాళ్లందరం పోగయ్యాం. ఆమె ఫైలు తెరిచి చదివింది. సహజ ఒడ్డు కోత. ఫిర్యాదుదారు నమూనాను తారుమారు చేసినట్టు అనుమానం. ఫిర్యాదుదారు మరణించారు కాబట్టి ఫైలు మూసివేయడం. అభ్యంతరం ఉంటే రేపు సాయంత్రంలోగా ఆఫీసులో రాసి ఇవ్వాలి.

ఆ మాటలన్నీ ఒక్కొక్కటే నాకు అర్థమవుతున్నాయి. ఒకప్పుడైతే అవి నా తల మీదుగా పోయేవి, నేను తలూపి ఇంటికి వచ్చేదాన్ని. ఆమె జీపు ఎక్కబోతుంటే పక్కకు పోయి అడిగాను.

“ఆ సీసా వేరేవాళ్లు కడిగుంటే, మేడమ్?”

ఆమె నన్ను నిదానంగా చూసింది. “కడిగినవాళ్లు రాసి ఇవ్వాలమ్మా. తెలియక కడిగాను అని ఒక్క ముక్క చాలు, మళ్లీ నమూనా తీయిస్తాను. కానీ ఆ కాగితం తనిఖీనాడు మీ ఊరివాళ్ల ముందు చదువుతాం.”

ఆ మధ్యాహ్నం తలుపేసుకుని కూర్చున్నాను. ‘సీసా కడిగింది నేను’ వరకు చెయ్యి బాగానే నడిచింది. తర్వాత ‘తెలియక’ అని రాయాలి. ఆ మాట రాస్తే ఎవరూ నన్ను ఏమీ అనరు, గట్టుకు రాయి వస్తుంది, సీసాలమ్మ పేరు కూడా తేటపడుతుంది. రాశాను. కొట్టేశాను. కడిగితే నమూనా చెడుతుందని నాకు తెలియదు, అది నిజం. రెండోసారి ఎందుకు తోమానో మాత్రం నాకు తెలుసు. ఆమె ఆసుపత్రి మంచం మీద కూడా కనిపెట్టుకుని ఉన్నది ఆ జవాబు కోసమే. వేరే కాగితం తీసి, పేట మనిషి చేతినుంచి వచ్చిందని రెండుసార్లు తోమాను, అడిగితే లేదని అబద్ధమాడాను అని రాసి, కింద నా పేరు పెట్టాను. కాగితాన్ని మడిచి జాకెట్లో పెట్టుకున్నాను. ఈ వీధిలో వాళ్లు నన్ను ఉండనిస్తారా? వదిన మళ్లీ నా గడప తొక్కుతుందా?

మరుసటి రోజు పొద్దున స్నానం చేసి, నంద్యాల బస్సుకు ఇంకా గంటన్నర ఉండగా, వదిన ఇంటికి పోయాను. ఆమె కొట్టం పోగా మిగిలిన జానెడు జాగాలో పేడనీళ్లు చల్లుతోంది. పక్కన నిలబడి కాగితం విప్పి చదివాను. తడబడినచోట మళ్లీ చదివాను.

ఆమె చేతిలో బకెట్ కింద పెట్టింది.

“ఇంత పెట్టుకోని ఈ గట్టుమీద ఎట్ల పండుకున్యావమ్మా ఇన్నాళ్లు?” అంది. తర్వాత గొంతు తగ్గించి, “తెలీక చేసినానని రాయి. ఆ రెండుసార్ల మాట ఎందుకు ఆడ?” అంది.

“తెలీక కాదు కదా వదినా.”

వాళ్ల వసారాలో కూడా గోడ మీద ఒక గ్లాసు వేరుగా బోర్లించి ఉంటుంది. ఆమె అటు చూడలేదు, నేనూ చూడలేదు. బకెట్ ఎత్తుకుని లోపలికి పోయింది. తలుపు వేయలేదు, నన్ను రమ్మనీ అనలేదు.

ఇంకా తొమ్మిది ఇళ్లు ఉన్నాయి. కాగితం మడవకుండా చేతిలోనే పట్టుకుని, తర్వాతి ఇంటి తలుపు తట్టాను.